అడవికి వెళ్తున్నారా? పులి కనిపించకపోయినా పిల్లలు నేర్చుకునే పాఠాలు



దసరా సెలవులు దగ్గరకొచ్చాయి. ఈసారి పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మీలో చాలామంది మార్కుల సంగతి అయ్యాక ఇంకో ప్రశ్న కూడా అడిగారు. "మేడమ్, మాల్స్, రిసార్టులు చూసి చూసి విసుగొచ్చింది. అడవిలో క్యాంపింగ్ అంటున్నారు కదా, పిల్లల్ని తీసుకెళ్లవచ్చా? సేఫేనా?"

తప్పకుండా తీసుకెళ్లండి. అయితే బయల్దేరే ముందు కొంత హోమ్‌వర్క్ ఉంది. ఈసారి అది పిల్లలది కాదు, మనది. మనకు దగ్గరలో ఉన్న నల్లమల అడవిని ఉదాహరణగా తీసుకుని ఆ హోమ్‌వర్క్ ఏమిటో చూద్దాం.

ముందు అడవి గురించి నాలుగు మాటలు

నల్లమల తూర్పు కనుమల్లో భాగం. కృష్ణా నది ఈ కొండల్ని చీల్చుకుంటూ లోతైన లోయలో పారుతుంది. నదికి ఉత్తరాన తెలంగాణ వైపు అమ్రాబాద్ పీఠభూమి ఉంది. దక్షిణాన ఆంధ్రప్రదేశ్ వైపు కొండలు పెన్నా నది దాకా సాగుతాయి. శ్రీశైలం, అహోబిలం, మహానంది వెళ్లినవాళ్లు తెలియకుండానే నల్లమల చూసి వచ్చినట్టే.

శ్రీశైలం, నాగార్జునసాగర్ ప్రాంతంలోని ఈ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడినప్పుడు గ్రేటర్ హైదరాబాద్ విస్తీర్ణం దాదాపు 650 చదరపు కిలోమీటర్లు. అంటే అలాంటి నగరాలు నాలుగు పట్టేంత అడవి అన్నమాట. ఆంధ్రప్రదేశ్ వైపున్న నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దది.

సోషల్ పుస్తకంలో 'డ్రై డెసిడ్యువస్ ఫారెస్ట్' అని పిల్లలు చదువుకునేది ఇలాంటి అడవి గురించే. మన మాటల్లో ఆకురాల్చే అడవి. వానాకాలంలో పచ్చగా, వేసవిలో మోడువారి కనిపిస్తుంది. ఈ ఒక్క పేరాగ్రాఫ్ మ్యాప్ ముందు కూర్చుని పిల్లలతో కలిసి చదివితే, జియోగ్రఫీ పాఠం సగం అయిపోయినట్టే.

బుక్ చేసే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

మొదటిది, మనం వెళ్లే తేదీకి అడవి తెరిచి ఉందా? టైగర్ రిజర్వుల కోర్ ఏరియాను సాధారణంగా జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు సందర్శకులకు మూసివేస్తారు. దసరా సెలవుల్లో కొన్ని రోజులు ఈ గడువులోనే పడవచ్చు. అందుకే టికెట్లు, బస చూసుకునే ముందు తేదీలు కనుక్కోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం పిల్లలకు బాగుంటుంది. కాబట్టి సంక్రాంతి సెలవులకు ప్లాన్ చేసుకున్నా మంచిదే.

రెండోది, ఏ టైమ్‌కి చేరుకుంటాం? హైదరాబాద్ నుంచి కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు అడవి మధ్యలోంచే పోతుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర వాహనాల్ని ఆపేస్తారు. ఆ సమయంలో రోడ్డు జంతువులది. ఆఫీసు అయ్యాక బయల్దేరి అర్ధరాత్రికి చేరుకుందాం అనుకుంటే కారులోనే తెల్లవారుతుంది.

మూడోది, టెంట్ ఎక్కడ వేస్తారు? అడవి అంటే ఎక్కడ నచ్చితే అక్కడ టెంట్ వేసుకునే చోటు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లడానికే అనుమతి కావాలి. రాత్రి బస అటవీశాఖ చూపించిన చోటే చెయ్యాలి. మన్ననూరు వైపు అటవీశాఖే బస, సఫారీ, ట్రెక్కింగ్ కలిపి ఏర్పాటు చేస్తోంది. ఎవరైనా ప్రైవేటు వాళ్లు 'ఫారెస్ట్ క్యాంపింగ్' అని ప్రకటన ఇస్తే, "ఇది రిజర్వ్ ఫారెస్టులో ఉందా, పట్టా భూమిలో ఉందా? అనుమతి కాగితం చూపిస్తారా?" అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. స్కూల్ బస్సు ఫిట్‌నెస్ గురించి మమ్మల్ని ఎంత గట్టిగా అడుగుతారో, ఇక్కడా అంతే గట్టిగా అడగండి.

నాలుగోది, క్యాంప్‌ఫైర్ ఉంటుందా? ఈ ప్రశ్న పిల్లలు అడుగుతారు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం నేరమని పిల్లలకు ముందే చెప్పండి. నల్లమలలో ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకులే. ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు, కొండ మీదికి మంట పాకడానికి. నేల మీద గూడు పెట్టే పిట్టలు, తాబేళ్లు, మొలకలు అందులో పోతాయి. మంట లేకుండా కూడా రాత్రి బాగుంటుంది. ఎలాగో తర్వాత చెప్తాను.

పులి కనిపించకపోతే?

సెలవుల తర్వాత క్లాసులో "ఎక్కడికెళ్లారు?" అని అడిగితే, సఫారీకి వెళ్లొచ్చిన పిల్లలు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది. "టైగర్ కనిపించలేదు మేడమ్. వేస్ట్!"

ఆ 'వేస్ట్' అనే మాట పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే, కొంచెం మన దగ్గరే దొరుకుతుంది. పరీక్ష రాసి వచ్చిన బాబుని గేటు దగ్గరే "ఎన్ని వస్తాయి?" అని అడుగుతాం. ఏం రాశావు, ఏ ప్రశ్న నచ్చింది అని అడగడం తక్కువ. సఫారీ వాహనం దిగగానే "పులి కనిపించిందా?" అని అడగడం కూడా అదే ప్రశ్న. మూడు గంటలు పిల్లవాడు చూసినదంతా ఆ ఒక్క జవాబుతో పాస్ లేదా ఫెయిల్ అయిపోతుంది.

పెద్ద అడవిలో పులి కనిపించకపోవడమే మామూలు సంగతి. అది ఎక్కువగా సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా తిరుగుతుంది. మనుషుల చప్పుడు వింటే తప్పుకుంటుంది. పులుల్ని లెక్కపెట్టే సిబ్బంది కూడా వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోరు. చెట్లకు కెమెరాలు కట్టి, ఫొటోల్లో చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తుపడతారు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. 2022 లెక్కింపులో దేశంలో పులులు కనీసం 3,167 అని, సగటు అంచనా 3,682 అని తేల్చింది ఈ పద్ధతి ఆధారంగానే.

కాబట్టి బయల్దేరే ముందే పిల్లలకు ఒక మాట చెప్పండి. "మనం పులి ఉండే ఇంటికి వెళ్తున్నాం. ఆయన కనిపిస్తే అదృష్టం. కనిపించకపోతే ఆయన ఇల్లు చూసొద్దాం." ఈ ఒక్క మాటతో ప్రయాణం మారిపోతుంది. పిల్లల కళ్లు ఒక్క జంతువు కోసం కాక, అన్నిటి కోసం వెతుకుతాయి.

ఏం చూడాలి, ఎలా చూడాలి?

చిన్న తరగతుల వాళ్లకు (1 నుంచి 4): చెట్ల బెరడు చూపించండి. నల్లమద్ది బెరడు పలకలు పలకలుగా పగిలి మొసలి చర్మంలా ఉంటుంది. ముట్టుకుని చూడనివ్వండి. గీకడం, పేర్లు చెక్కడం మాత్రం వద్దు. ఐదు రకాల ఆకుల ఆకారాలు నోట్‌బుక్‌లో గీయమనండి. ఆకు కోయకుండా, చూసి గీయాలి.

5 నుంచి 7 తరగతుల వాళ్లకు: జాడలు వెతకడం నేర్పండి. మట్టిరోడ్డు మీద పాదముద్ర కనిపిస్తే గోళ్ల గుర్తులు ఉన్నాయా అని చూడమనండి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, కాబట్టి సాధారణంగా గోళ్ల గుర్తులు పడవు. రేచుకుక్క అడుగులో పడతాయి. చెదపుట్ట తవ్వేసి ఉంటే ఎలుగుబంటి వచ్చి చెదపురుగులు తిని వెళ్లి ఉండవచ్చు. చెట్టు మీద కొండముచ్చులు, కింద చుక్కల దుప్పులు కలిసి కనిపిస్తే కాసేపు ఆగండి. కొండముచ్చులు రాల్చిన ఆకులు, కాయలు దుప్పులు తింటాయి. పైనుంచి కొండముచ్చు పులినో చిరుతనో చూసి అరిస్తే దుప్పులు జాగ్రత్తపడతాయి. 'మ్యూచువల్ బెనిఫిట్' అని సైన్స్‌లో రెండు మార్కుల ప్రశ్నకు రాసే జవాబు అక్కడ కళ్లముందు జరుగుతుంది.

8 నుంచి 10 తరగతుల వాళ్లకు: ఒకప్పుడు నిజాం కాలంలో వేట విడిదిగా ఉన్న ఫరహాబాద్ ఇప్పుడు సఫారీ వెళ్లే చోటు. వేటాడిన చోటే కాపాడే చోటుగా ఎలా మారింది? 1972లో ఏ చట్టం వచ్చింది, 1973లో ఏ ప్రాజెక్టు మొదలైంది? హిస్టరీ, సివిక్స్, బయాలజీ మూడూ కలిసిన ప్రశ్న ఇది. జవాబు మీరు చెప్పకండి. వాళ్లనే వెతకనివ్వండి.

ఇంగ్లిష్ టీచర్‌గా నా వంతు కోరిక ఒకటుంది. చెట్లకు, జంతువులకు ముందు తెలుగు పేర్లు నేర్పండి. తునికి, ఇప్ప, ఏగిస, తానికాయ, కరక్కాయ, కణుజు, మనుబోతు. మనలో చాలామంది అమ్మమ్మలకు, తాతయ్యలకు ఈ పేర్లు తెలుసు. కుదిరితే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. పేరు తెలిసిన చెట్టుని పిల్లలు మర్చిపోరు. ఇంగ్లిష్ పేరు క్లాసులో నేను చెప్తాను, అది నా బాధ్యత.

అడవిలో ఇళ్లు ఉన్నవాళ్లు

నల్లమలలో చెంచులు తరతరాలుగా ఉంటున్నారు. వాళ్ల చిన్న చిన్న ఊళ్లను పెంటలు అంటారు. మాట్లాడేది తెలుగే. తేనె తీయడం, గడ్డలు తవ్వడం, అడవిలో దొరికేవి ఏరుకోవడం వాళ్ల పాత జీవనం. అహోబిలం నరసింహస్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి కథ పిల్లలకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే కారులో చెప్పడానికి మంచి కథ.

ట్రెక్కింగ్‌కి గైడ్‌లుగా చాలాసార్లు చెంచు యువకులే వస్తారు. పిల్లల చేత "అన్నా" అని పిలిపించండి, నమస్తే చెప్పించండి. అడవి గురించి ఏ సందేహం వచ్చినా ఆయన్నే అడగమనండి. డిగ్రీ లేకపోయినా ఎంత తెలుసుకోవచ్చో పిల్లలకు అర్థమవుతుంది. అదే సమయంలో పెంటల్లోకి వెళ్లి, అడక్కుండా ఇళ్లను, ఆడవాళ్లను, పిల్లల్ని ఫొటోలు తీయవద్దు. మన అపార్ట్‌మెంట్‌లోకి ఎవరో వచ్చి మన వంటింటిని ఫొటో తీస్తే ఎలా ఉంటుంది? తేనె కొనాలనిపిస్తే చెప్పిన ధర ఇచ్చి కొనండి.

మనం చేసేదే పాఠం

శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి కోతులకు బిస్కెట్లు, చిప్స్, అరటిపండ్లు వేయడం చూస్తూనే ఉంటాం. పుణ్యం అనుకుని వేస్తారు, పిల్లల సరదా కోసం వేస్తారు. దానివల్ల కోతులు అడవిలో తిండి వెతకడం మానేసి రోడ్డు పక్కన కూర్చుంటున్నాయి. వాహనాల కింద పడుతున్నాయి. చేతిలో ప్యాకెట్ ఉన్న పిల్లల మీదికి దూకుతున్నాయి. అద్దాలు దించకండి, ఏమీ వేయకండి. "పాపం, ఆకలేస్తోందేమో" అని పాప అంటే, "దానికి అడవి నిండా అన్నం ఉంది కన్నా" అని చెప్పండి.

ప్లాస్టిక్ కూడా అంతే. నీళ్ల బాటిల్ మూత, చాక్లెట్ కాగితం, గుట్కా ప్యాకెట్ ఏదైనా వెనక్కి తీసుకురావాల్సిందే. ఉప్పు వాసన ఉన్న చిప్స్ కవర్‌ను దుప్పి కూడా మింగేస్తుంది. పిల్లల చేతికి ఒక గుడ్డ సంచి ఇచ్చి, "మన చెత్తకు నువ్వే లీడర్" అనండి. అయితే నాన్న కారు అద్దం దించి టీ కప్పు విసిరేస్తే ఆ సంచికి, మా మోరల్ సైన్స్ పీరియడ్‌కి విలువ ఉండదు. స్కూల్లో మేము నలభై నిమిషాలు చెప్పేది, మీరు రెండు సెకన్లలో చేసి చూపిస్తారు. పిల్లలు మీ నుంచే నేర్చుకుంటారు.

రాత్రి, చీకటి, నిశ్శబ్దం

మన పిల్లల్లో చాలామంది అసలైన చీకటి చూడలేదు. వీధి దీపం, ఫోన్ స్క్రీన్, ఫ్యాన్ చప్పుడు లేకుండా నిద్రపోయింది తక్కువ. అందుకే మొదటిసారి క్యాంపింగ్‌కి వెళ్లే ముందు ఇంటి డాబా మీద ఒక రాత్రి రిహార్సల్ చేయండి. టెంట్ లేకపోతే దోమతెర చాలు. చిన్న టార్చ్, నీళ్లు, దుప్పటి ఇచ్చి, ఫోన్లు కింద పెట్టేయండి. మీరూ పక్కనే పడుకోండి. ఏది కష్టంగా ఉందో, ఏది మర్చిపోయారో అక్కడే తెలిసిపోతుంది.

అడవి బసలో రాత్రి పూట పది నిమిషాలు అందరూ మాట్లాడకుండా కూర్చునే ఆట ఆడండి. ఎన్ని శబ్దాలు విన్నారో తర్వాత ఒక్కొక్కరూ చెప్పాలి. చలికాలం సాయంత్రాలైతే ఆకాశంలో పిల్లలకోడిని వెతకండి. కృత్తికలను మన పల్లెల్లో పిలిచే పేరది. ఆరు చుక్కలు కనిపిస్తే మంచి చూపు. క్యాంప్‌ఫైర్, స్పీకర్లు లేకపోతే రాత్రి ఎలా గడుస్తుందని భయపడకండి. పిల్లలు అప్పుడే ప్రశ్నలు అడుగుతారు. ఆ టైమ్‌లో మీ దగ్గర జవాబు లేకపోయినా ఫర్వాలేదు, ఫోన్ లేకుండా మీరున్నారు, అది చాలు.

బ్యాగులో ఇవి ఉన్నాయా?

• లేత ఆకుపచ్చ, ఖాకీ, మట్టి రంగు బట్టలు, ఫుల్ హ్యాండ్స్ షర్టులు, పొడుగు ప్యాంట్లు. పిడుదులు, దోమలు, ముళ్ల నుంచి కాపాడతాయి.
• సాక్సులతో పాటు బూట్లు. చెప్పులు వద్దు. పొద్దున వేసుకునే ముందు బూట్లు తిరగేసి దులపడం పిల్లలకు అలవాటు చేయండి.
• స్టీల్ బాటిళ్లలో నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పిల్లలు రోజూ వాడే మందులు, ఘాట్ రోడ్డులో వాంతులు అయ్యేవాళ్లకు డాక్టర్ చెప్పిన మాత్ర.
• డబ్బాల్లో పులిహోర, చపాతీలు. ప్యాకెట్ తిండి తగ్గిస్తే చెత్తా తగ్గుతుంది.
• టార్చ్, నోట్‌బుక్, పెన్సిల్. బైనాక్యులర్స్ ఉంటే ఇంకా మంచిది.
• అడవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎక్కడ ఉంటారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో పెద్దవాళ్లకు కాగితం మీద రాసి ఇచ్చి వెళ్లండి.

రెండు హెచ్చరికలు మర్చిపోవద్దు. జలపాతాల దగ్గర, మడుగుల్లో పిల్లల్ని దిగనివ్వకండి. రాళ్లు నాచు పట్టి జారతాయి, లోతు పైకి తెలియదు. ఏ జంతువు కనిపించినా, ముఖ్యంగా ఎలుగుబంటి, వాహనం దిగి సెల్ఫీ తీసుకునే ప్రయత్నం చేయవద్దు. గైడ్ చెప్పిందే ఫైనల్. మీరు ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ రోజుకి ఆయనే మీకు క్లాస్ టీచర్.

ఇంటికి వచ్చాక

మేము ప్రాజెక్ట్ రిపోర్ట్ అడగం. చార్టులు, థర్మాకోల్ మోడళ్లు వద్దు. ఒక్క పని చేయండి. వచ్చిన మర్నాడు పొద్దున పిల్లల్ని వంటింటి కుళాయి దగ్గర నిలబెట్టి, "ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?" అని అడగండి. హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ జలాశయం నుంచి తోడినవే. ఆ జలాశయానికి పైన, పక్కన ఉన్నది మీరు చూసొచ్చిన నల్లమలే. చెట్ల వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, వాన నీళ్లని నేలలోకి దింపుతాయి, వాగుల్ని మెల్లగా నదికి పంపిస్తాయి. చెట్లు పోతే ఆ మట్టంతా కొట్టుకొచ్చి జలాశయంలో పూడిక అవుతుంది. టైగర్ రిజర్వ్‌లో పులి కోసం కాపాడే ప్రతి చెట్టూ మన బిందె కోసం కూడా నిలబడి ఉంది.

ఇది అర్థమైన పిల్లలు "టైగర్ కనిపించలేదు, వేస్ట్" అనరు. సెలవుల తర్వాత క్లాసులో నేను అడగబోయే ప్రశ్న కూడా ముందే చెప్పేస్తున్నాను, లీక్ అయినా ఫర్వాలేదు: "అడవిలో నువ్వు ఎక్కువసేపు చూసింది ఏమిటి?" చీమల బారు అని చెప్పినా, చెట్టు బెరడు అని చెప్పినా నేను ఫుల్ మార్కులు వేస్తాను. ఇంట్లో మీరూ అదే ప్రశ్న అడగండి.

మీ కుటుంబానికి ముందుగా దసరా శుభాకాంక్షలు. జాగ్రత్తగా వెళ్లి, క్షేమంగా రండి.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్